ముందు సైట్ మీద కుంకుమ

నా చేతులు వణుకుతాయి. చలికి కాదు, భయానికి కాదు, జబ్బూ కాదు. పుట్టుకతో వచ్చిన గుణం. చిన్నప్పుడు అనంతపురంలో డాక్టరుకు చూపిస్తే, ఆయన కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసి, కొందరికి అంతేనమ్మా, దీనివల్ల ఏమీ కాదు అని మా అమ్మకు చెప్పి పంపేశాడు. ఏమీ కాదన్న మాట నిజమే. కానీ ఒకసారి పంక్తిలో సాంబారు గిన్నె నా చేతికిచ్చినవాళ్లు మళ్లీ ఎప్పుడూ ఇవ్వలేదు. బ్యాంకులో ఈ నెల పెట్టిన సంతకం పోయిన నెల సంతకంతో కలిసేది కాదు. కౌంటరులో ఉన్నాయన నన్ను నాకే దొంగగా చూపించేవాడు.

సింగపూర్ వచ్చాక ఈ వణుకు కాస్తా అంతర్జాతీయ స్థాయికి చేరింది. వైటూకే భయం తీరిపోయిన ఏడాది అది. ఆ భయంతో మమ్మల్ని విమానాలెక్కించి తెచ్చుకున్న కంపెనీలు, ఇంటర్నెట్ ధర్మమా అని మమ్మల్ని వెనక్కి పంపడం మర్చిపోయాయి. నేను ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఉండేవాణ్ని. క్లయింటు ముందు నిలబడి, లేజర్ పాయింటర్‌తో తెర మీద డబ్బాలు చూపిస్తూ వివరించాలి. నా ఎర్రచుక్క ఏ డబ్బా మీదా కుదురుగా నిలిచేది కాదు. సమస్య ఈ మాడ్యూల్లో ఉందా, ఆ మాడ్యూల్లోనా అని క్లయింటు అడిగితే, వెనక నుంచి ఎవరో, ఆయన అన్నిట్లోనూ ఉందంటున్నాడు అన్నారు. గది గదంతా నవ్వింది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. పాయింటర్ సొరుగులో పడేసి, ఆ పూటకు చూపుడువేలే గతి అనుకున్నాను. ఆ వేలు కూడా వణికింది, అది వేరే సంగతి.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయదగ్గవే. వదల్లేనిది ఒకటుంది. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు మా అక్క కూతురి బారసాలలో పసిపిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. పొత్తిగుడ్డ అంచు అదరడం చూసి, బంధువుల్లో ఒక పెద్దావిడ, వాడి చేతికి ఇస్తారా, పిల్ల జారిపోదూ, అంటూ గబుక్కున తీసేసుకుంది. ఆవిడ అందులో చెడ్డగా అన్నది ఏమీ లేదు. తీసుకుని, మళ్లీ తన కబుర్లలో పడిపోయింది. నేను మాత్రం ఆ తరవాత పదేళ్లు ఎవరి బిడ్డనూ ఎత్తుకోలేదు. జలుబుగా ఉందనేవాణ్ని, చేతులు కడుక్కోలేదనేవాణ్ని, ఫోను రాకపోయినా ఫోనొచ్చిందని బయటికి నడిచేవాణ్ని.

అప్పటికి నా భార్యకు ఏడో నెల. ఆమె మా మేనమామ కూతురు, అందుకని నన్ను నలుగురిలోనైనా, గొడవలోనైనా 'బావా' అనే పిలుస్తుంది. మా మామకు మోకాలి ఆపరేషన్ పెట్టుకున్నారు కాబట్టి, కాన్పయిన పది రోజులకు గానీ మా అత్తకు సింగపూర్ రావడం కుదరదు. ఆ పది రోజులూ ఆంగ్ మో కియోలోని మా ఫ్లాటులో మేమిద్దరం, ఒక పసిబిడ్డ. నమ్మదగ్గ చేతులు రెండే, అవీ బాలింతవి. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. నాలో నేనే తిప్పుకుంటూ, చిన్న విషయాలకు కసురుకుంటూ తిరిగాను.

అలాంటి రోజుల్లో ఆఫీసు నోటీసు బోర్డులో ఒక కాగితం కనిపించింది. ఉద్యోగులకు ఎనిమిది శనివారాల పిస్టల్ షూటింగ్ శిక్షణ, పూర్తిగా కొత్తవాళ్లకు. నా బుర్ర వెంటనే పనిచేసింది. పిస్టల్ కొట్టేవాళ్ల చేతులు రాయిలా ఉంటాయి. కాబట్టి పిస్టల్ నేర్చుకుంటే నా చెయ్యి రాయి అవుతుంది. ఈత వచ్చినవాళ్లు తడిగా ఉంటారు గనక నెత్తిన నీళ్లు పోసుకుంటే ఈత వస్తుందనుకోవడం లాంటిదే ఇది. కానీ ఆరోజు నాకు అది కంప్యూటర్ సైన్సంత నమ్మకంగా తోచింది. ఇంట్లో మాత్రం పని ఒత్తిడి తగ్గడానికి వెళ్తున్నానని చెప్పాను. ఒత్తిడి తగ్గాలంటే జనం పార్కులో నడుస్తారు గదా బావా, అని ఆమె అడిగింది గానీ ఆపలేదు.

రేంజ్ అంటే పొడుగాటి చల్లటి గది. వరసగా గళ్లు, ఒక్కో గడికి ఒక బల్ల, పది మీటర్ల దూరంలో చెయ్యెడల్పు కాగితం. దాని మధ్య టీ గ్లాసు మూతి అంత నల్లటి గుండ్రం. పిస్టల్ గాలితో పేలేది, అందులో పడేది మిరియపు గింజంత సీసపు గుండు. అయినా ఆ దేశంలో దానికి జరిగే మర్యాద అంతా ఇంతా కాదు. క్లబ్బువాళ్లు తాళం తీసి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇస్తారు. నా సంతకం అక్కడా రెండు వారాలు కలవలేదు. గొట్టం ఎప్పుడూ కాగితం వైపే ఉండాలి, కొట్టే క్షణం వరకూ వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఈ రెండూ తప్పినవాణ్ని ఆ రోజుకు ఇంటికి పంపేస్తారు.

మొదటి రోజు పది గుళ్లు కొట్టాను. నా కాగితం మీద నాలుగు పడ్డాయి. రెండు పక్కగడివాడి కాగితం మీద పడ్డాయి, అతను కృతజ్ఞతలు కూడా చెప్పాడు. మిగతా నాలుగూ ఎటు పోయాయో ఇప్పటికీ తెలియదు. నేను పిస్టల్‌ను బల్ల మీద పెట్టి, దాని వంశాన్ని తలుచుకుంటూ మా ఊరి భాషలో తిట్టాను. వెనక నుంచి నెమ్మదిగా తెలుగు వినిపించింది.

"పిస్తోలుకి తెలుగు రాదు బాబూ. ఇంగ్లీసులో తిట్టు లా."

మా శిక్షకుడు. అప్పటిదాకా ఆయన్ని తమిళుడనుకున్నాను. ఆయన తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలయాలో రబ్బరు తోటలకు వెళ్లినవాళ్లట. ఆయన అక్కడ పుట్టి, సింగపూర్ రేవులో గుమాస్తాగా పనిచేసి రిటైరై, హౌగాంగ్‌లో ఉంటున్నాడు. ఆయన తెలుగులో సగం శ్రీకాకుళం, పావు తమిళం, పావు మలయ్, మాట చివర తోకలా సింగపూర్‌వాళ్ల 'లా'. కనిపించగానే మకాన్ అయిందా అని అడుగుతాడు, అంటే తిన్నావా అని. ప్రతిదానికీ 'బొలే' అంటాడు, అంటే కుదురుతుందని. అందరిలాగే నేనూ ఆయన్ని అంకుల్ అనేవాణ్ని.

అంకుల్ నాలో మొదట పట్టుకున్న తప్పు వణుకు కాదు. గడిలో ఒక మీట ఉంటుంది. నొక్కితే కాగితం తీగ మీద జారుకుంటూ మన దగ్గరికి వస్తుంది, మళ్లీ నొక్కితే వెనక్కి పోతుంది. అందరూ పది గుళ్లు కొట్టాక ఒకసారి నొక్కుతారు. నేను ప్రతి గుండుకూ నొక్కేవాణ్ని. నన్ననేం లాభం, మా తరమే అంత. ఎంట్రన్స్ పరీక్ష రాసి హాలు బయటికి రాగానే, చెమట కూడా తుడుచుకోకుండా కోచింగ్ సెంటరువాళ్లు పంచే 'కీ' కాగితం కోసం తోసుకున్నవాళ్లం. ఎన్ని ఒప్పో తెలియకుండా అన్నం ఎలా సహిస్తుంది? గుండు ఎడమకు పడిందని చూసుకుని తరవాతిది కాస్త కుడికి గురిపెట్టేవాణ్ని. అది మరీ కుడికి పోయేది. కిందికి పోతే పైకి, పైకి పోతే కిందికి. పది గుళ్లయ్యేసరికి నా కాగితం చాట్లో జల్లిన ఆవాల్లా ఉండేది.

అంకుల్ ఒకరోజు తన తువ్వాలు తెచ్చి ఆ మీట మీద కప్పేశాడు. కాగితాన్ని కూడా తిప్పి, తెల్లటి వెనకవైపు నాకు కనబడేలా బిగించాడు. నల్లగుండ్రం లేదు, అంకెల్లేవు, ఏమీ లేదు. దేన్ని కొట్టాలని అడిగితే, దేన్నీ కాదు, ఊరికే కొట్టు అన్నాడు. పిస్టల్ గొట్టం చివర నిలబడి ఉండే బుల్లి నల్లపలకను ముందు సైట్ అంటారు. వెనక గాడి ఉన్నది రెండో సైట్. గాడి మధ్యలో ముందు సైట్ కుదురుగా నిలవాలి, రెండు పక్కలా వెలుతురు సమానంగా కనిపించాలి. కన్ను ముందు సైట్ మీదే ఉండాలి, కాగితం మసగ్గా కనిపించినా ఫరవాలేదు. అసలు మసగ్గానే కనిపించాలి. వేలిని లాగకూడదు, మెల్లగా నొక్కుతూ పోవాలి. గుండు ఎప్పుడు పేలిందో మనకే ఆశ్చర్యం కావాలి. పేలాక కూడా ఒక క్షణం అలాగే నిలబడాలి. ఎక్కువసేపు పట్టుకుంటే చెయ్యి అలిసిపోతుంది కాబట్టి, కుదరకపోతే కొట్టకుండా దించేసి మళ్లీ మొదలుపెట్టాలి. దించేయడమే అన్నిటికంటే కష్టం. ఎత్తిన చెయ్యి కొట్టకుండా దించడం మా ఇంటా వంటా లేదు.

పిస్టల్ ఇంటికి తెచ్చుకునే వీలు లేదు గనక, ఇంట్లో నిండా నీళ్లున్న సీసాను చెయ్యి చాపి పట్టుకుని గోడకు ఎదురుగా నిలబడేవాణ్ని. సీసాలో నీళ్లు అలలు అలలుగా కదిలేవి. ఆమె కూరగాయలు తరుగుతూ చూసేది. గోడకు దప్పికైందా బావా, అని ఒకసారి అడిగింది. నేను కసిరాను. ఆమె బెండకాయ చివర విరిచి నా మీదికి విసిరింది, సూటిగా ముక్కుకు తగిలింది. ఏ శిక్షణా లేకుండా.

ఆరు వారాలయ్యాయి. గుళ్లు మునుపటికంటే దగ్గరగా పడుతున్నాయి, కాగితం దాటి పోవడం మానేశాయి. కానీ చెయ్యి మాత్రం మొదటి రోజు ఎలా వణికిందో అలాగే వణుకుతోంది. నాకు ఒళ్లు మండింది. బల్ల దగ్గర అంకుల్‌ను నిలదీశాను. నా చెయ్యి ఆగుతుందని వచ్చాను, ఆగలేదు, ఏం నేర్పినట్టు అని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన కోప్పడలేదు. తన కుడిచెయ్యి బల్ల మీదుగా నా ముందుకు చాపాడు. వేళ్లు గలగలా ఆడుతున్నాయి, నావి వాటి ముందు ఎందుకూ పనికిరావు. ఆరు వారాలుగా ఆ చేతి పక్కనే నిలబడి, నేను ఒక్కసారీ దాన్ని చూడలేదు.

"చెయ్యి ఆపడం నాకే రాదు బాబూ, నీకేటి నేర్పుతాను? ఆడే చెయ్యితోటే కొట్టడం నేర్పుతాను. అది బొలే."

ఎందుకు ఆపాలనుకుంటున్నావని అడిగితే, ఎవరికీ చెప్పని సంగతి ఆయనకు చెప్పేశాను. బారసాల, పెద్దావిడ, పది రోజులు, అన్నీ. ఆయన విని, ఎనిమిదో వారం పరీక్ష ఉందని, పది గుళ్లలో ఏడు నల్లగుండ్రంలో పడితే పాసని, ముందు దాని సంగతి చూడమని అన్నాడు. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. బస్సులో వస్తూ నేను మొక్కులాంటిది ఒకటి మొక్కుకున్నాను. పరీక్ష పాసైతే నా బిడ్డను ధైర్యంగా ఎత్తుకుంటాను. తప్పితే ఎత్తుకోను, మా అత్త వచ్చేదాకా గిన్నెలు తోముతాను, గుడ్డలు ఉతుకుతాను, బిడ్డను మాత్రం ముట్టను. దేవుడి పేరు పెట్టలేదు గానీ, మొక్కు మొక్కే.

ఏడో శనివారం దసరా రోజుల్లో పడింది. మా ఇంట్లో ఆయుధపూజకు కొడవలికీ, కుట్టుమిషనుకూ, మా నాన్న సైకిలుకూ బొట్టు పెట్టందే పొద్దు గడవదు. సింగపూర్‌లో ఆఫీసు మానిటర్లకు కూడా చాటుగా పెట్టుకునేవాళ్లం. అసలు ఆయుధమనదగ్గది జన్మకు ఒక్కసారి చేతికొచ్చింది, దానికి బొట్టు లేకపోతే ఎలా? సెరంగూన్ రోడ్డులో కొన్న కుంకుమ కాగితంలో చిటికెడు పొట్లం కట్టుకుని జేబులో వేసుకున్నాను. అంకుల్ అవతల ఎవరికో నిలబడే తీరు చూపిస్తుండగా, గుండు వేయని పిస్టల్‌ను బల్ల మీదే ఉంచి, గొట్టం కాగితం వైపే ఉందని చూసుకుని, వేలు తడిచేసి ముందు సైట్ వెనకవైపు ఒక చుక్క పెట్టాను. మనసులో దండం పెట్టుకున్నాను.

పెట్టాక గానీ గుర్తు రాలేదు. క్లబ్బు పిస్టల్, పైగా ఆ దేశం. చూస్తే ఏమంటారో. చెయ్యి ఎత్తాను. కంటి ముందు ఎర్రటి చుక్క. అది కనిపిస్తోందా, కారిందా, రాలిందా అనే బెంగతో దాన్నే చూస్తున్నాను. కాగితం ఎక్కడుందో కూడా పట్టించుకోలేదు. వేలు దాని పని అది చేసుకుపోయింది. పది గుళ్లూ అయిపోయాయి. మీట ఒక్కసారి కూడా నొక్కలేదు, నొక్కాలన్న సంగతే గుర్తు రాలేదు.

కాగితం అంకులే రప్పించాడు. ఎనిమిది గుళ్లు నల్లగుండ్రంలో ఉన్నాయి. ఆయన కాగితాన్ని చూసి, నన్ను చూసి, అనుమానంగా పిస్టల్ చూశాడు. దొరికిపోయాను. అరగంట తిట్టాడు, అందులో మలయ్ ఎక్కువ ఉండటం వల్ల సగం నాకు తగల్లేదు. తిట్టి తిట్టి, హఠాత్తుగా నవ్వేశాడు. రబ్బరు తోటలో వాళ్లమ్మ కూడా చెట్టు గీసే కత్తికి ఇలాగే బొట్టు పెట్టేదట. గుడ్డతో శుభ్రంగా తుడిచి పిస్టల్ నా ముందు పెట్టాడు.

"బొట్టు తీసేసినాను. నువ్వు మాత్రం అక్కడే సూడు."

ఎనిమిదో శనివారం నేనే నా రుమాలు తీసి మీట మీద కప్పుకున్నాను. లేని చుక్కను చూస్తూ కొట్టాను. నాలుగోసారీ ఏడోసారీ కుదరక, కొట్టకుండా చెయ్యి దించేశాను, మా వంశంలో మొదటివాణ్ని. చివరి గుండు పేలినప్పుడు నిజంగానే ఆశ్చర్యపోయాను. కాగితం వచ్చింది. ఆరు లోపల స్పష్టంగా ఉన్నాయి. ఏడోది అంచు మీద. గీతను తాకితే లోపలిదే లెక్క. అంకుల్ జేబులోంచి భూతద్దం తీసి, దీపం కిందికి తీసుకెళ్లి, చాలాసేపు చూశాడు. ఆయన చేతిలో భూతద్దం వణుకుతోంది. ఆయనకు నా మొక్కు తెలియదు గానీ బిడ్డ సంగతి తెలుసు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. తాకలేదు బాబూ, అన్నాడు. వెంట్రుకవాసి ఖాళీ ఉందట. నాకూ చూపించాడు. నిజమే, ఉంది.

ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా కూర్చున్నాను. ఏమైందని ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారికి మొత్తం చెప్పేశాను, మొక్కుతో సహా. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడి అంతా వింది. ఓదారుస్తుందనుకున్నాను.

"కడుపు మోసేది నేను, మొక్కు మొక్కేది నువ్వా? పిస్తోలు పాసైతే బిడ్డను ఎత్తుకుంటాడంట. ఫెయిలయితే ఏం జేద్దాం బావా, పక్కింటి చైనా ఆంటీకి ఇచ్చేద్దామా?"

అని, నా మొహం చూసి ఇంకా కోపమొచ్చి, వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా పెట్టింది. పొద్దున్నే కాఫీ ఇచ్చింది, మాట్లాడింది, కానీ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. మొక్కు మాత్రం నా మెడకు అలాగే వేలాడుతూ ఉంది.

నెల తిరిగాక పాప పుట్టింది. పుట్టినప్పటినుంచి ఒకటే ఏడుపు. వార్డులో నర్సు దాన్ని గుడ్డలో చుట్టి, ఊపుతూ, జోకొడుతూ అలిసిపోయి, నాన్నా నువ్వు పట్టుకో అని ఇంగ్లీషులో అంటూ నా వైపు చాచింది. నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. జలుబు చేసిందన్నాను. మంచం మీద నీరసంగా పడుకున్న నా భార్య కళ్లు తెరిచింది.

"సిస్టర్, ఆయనకు జలుబూ లేదు, ఏమీ లేదు. ఇచ్చేయండి" అని నర్సుకు ఇంగ్లీషులో చెప్పింది. తరవాత నాతో మెల్లగా, "పట్టుకో బావా. నాకు చేతగాదు ఇప్పుడు" అంది.

నర్సు పాపను నా చేతుల్లో పెట్టేసింది. వెంటనే వణుకు మొదలైంది. గుడ్డ అంచు అదురుతోంది. ఎవరైనా వచ్చి తీసేసుకుంటారేమోనని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. నర్సు ఇంకో మంచం వైపు వెళ్లిపోయింది. వణుకు ఆగలేదు. పాప ఏడుపు కాస్త సన్నబడింది. తరవాత ఎక్కిళ్లు. తరవాత అవీ పోయి, నోరు సగం తెరుచుకుని నిద్రపోయింది. ఆమె మంచం మీదినుంచి అంతా చూస్తోంది.

"వణకనీలే బావా. ఊపే పని తప్పింది నాకు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. సాయంత్రం నర్సు తూకం వేయాలని పాపను అడిగితే, ఇంకో ఐదు నిమిషాలు ఆగమన్నాను. పాపం నర్సు మూడుసార్లు అడగాల్సి వచ్చింది.